దొరల ఆటలో బొగ్గు గని మనుషులు

రగ్బీ దొరల ఆటా, అందరి ఆటా అని ఎవరైనా వాదనకు దిగితే, ఏ ఊరి సంగతి, ఏ కాలం సంగతి అని ముందు అడగాలి. 1950ల్లో లండన్ శివార్లలో అడిగితే ఒక జవాబు వచ్చేది. అదే కాలంలో దక్షిణ వేల్స్ బొగ్గు లోయల్లో అడిగితే ఇంకో జవాబు. రెండు చోట్లా అదే బంతి, అదే పదిహేను మంది, అదే బురద.

పాత రగ్బీ గుర్తున్నవాళ్ళకు ముందు కళ్ళ ముందుకొచ్చేది ఆ బురదే. అవి తోలు బంతి రోజులు. నాలుగు తోలు ముక్కలు కలిపి కుట్టి, లోపల రబ్బరు తిత్తి పెట్టి, తాడుతో బిగించేవాళ్ళు. ఇప్పటి నిబంధనల ప్రకారం బంతి బరువు 410 నుంచి 460 గ్రాముల మధ్య ఉండాలి. తోలు బంతి వాన రోజున అరగంటలోనే నీళ్ళు తాగేసేది, ఇక ఆ అంకెలకు అర్థం ఉండేది కాదు. తన్నడానికి ప్లాస్టిక్ స్టాండులు లేవు. బూటు మడమతో నేలలో గుంట చేసి, తవ్విన మట్టిని గట్టులా పోసి, బంతిని అందులో నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి, బూటు ముక్కుతో సూటిగా తన్నేవాళ్ళు. తడి బంతి బరువెక్కుతుంది. బూటు కాస్త కింద తగిలితే బంతి గాల్లోకి లేచి అడ్డ కర్ర దాకా రాకుండానే కూలబడుతుంది. కాస్త పక్కకు తగిలితే మెలి తిరిగి స్తంభం బయటికి పోతుంది. స్తంభాల మధ్య దూరం 5.6 మీటర్లు, అడ్డ కర్ర ఎత్తు 3 మీటర్లు. ఆ బంతితో ఆ సందులోంచి 40 మీటర్ల దూరం నుంచి కొట్టినవాడు ఊళ్ళో వారం రోజులు హీరో. 1970లు వచ్చేసరికి పక్క నుంచి వంపుగా పరుగెత్తి, పాదం పైభాగంతో తన్నే పద్ధతి పాకిపోయింది. బంతికి తగిలే చోటు పెద్దది కాబట్టి గురి తప్పడం తగ్గింది. తర్వాత బకెట్టులో ఇసుక వచ్చింది, ఆ తర్వాత ప్లాస్టిక్ స్టాండు వచ్చింది. లెస్టర్ జట్టు చొక్కాల మీద అంకెల బదులు అక్షరాలుండేవి. అందరికన్నా వెనక నిలబడే ఫుల్ బ్యాక్ వీపు మీద 'ఓ' అని ఉండేది. ఇవన్నీ తల్చుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే ఆ ముచ్చటకు ఒక గేటుండేది. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఆ గేటు దగ్గరే తేలేది.

పుట్టుక దొరల ఇంట్లోనే, అందులో వాదన లేదు. ఇంగ్లండ్‌లో వార్విక్‌షైర్ జిల్లా రగ్బీ పట్టణంలోని బడి అది, ఫీజులు కట్టి చదివే పిల్లల బడి. విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు 1823లో ఫుట్‌బాల్ ఆడుతూ బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తాడన్న కథ అతను పోయాక ప్రచారంలోకి వచ్చింది, దానికి గట్టి రుజువు లేదు. నికరంగా తెలిసింది ఏమిటంటే, 1845లో ఆ బడి పిల్లలే నిబంధనలు కాగితం మీద పెట్టారు. ఆ పిల్లలకు బంతులు చేసి ఇచ్చింది మాత్రం ఊళ్ళోని చెప్పులు కుట్టేవాళ్ళు. రబ్బరు తిత్తులు రాకముందు పంది మూత్రాశయాన్ని పచ్చిగానే నోటితో ఊది బంతిలో పెట్టేవాళ్ళు. రిచర్డ్ లిండన్ అనే పనివాడి భార్య ఈ ఊదే పని చేసి చేసి ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని చెబుతారు. 1860ల్లో అతను రబ్బరు తిత్తి, దానికి గాలి కొట్టే పంపు తయారు చేశాడు. రగ్బీ చరిత్ర చెప్పేటప్పుడు వెబ్ ఎల్లిస్‌కు దక్కే చోటులో సగమైనా ఈమెకు దక్కదు.

1871 జనవరిలో లండన్‌లోని ఒక రెస్టారెంటులో 21 క్లబ్బులు, బడులు కలిసి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నాయి. అదే ఏడు మార్చి 27న ఎడిన్‌బరోలో ఇంగ్లండ్, స్కాట్లండ్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాయి, జట్టుకు ఇరవై మంది చొప్పున. ఆ కాలపు రగ్బీ తెల్ల దొరల వెంట ఎక్కడెక్కడికి పోయిందో చూడాలంటే కలకత్తా కప్పును చూస్తే చాలు. 1873లో కలకత్తాలో తెల్లవాళ్ళు క్లబ్బు పెట్టుకున్నారు. సభ్యులకు ఉచితంగా పోసే మద్యం ఆగిపోయింది, సైనిక పటాలం వేరే చోటికి బదిలీ అయింది, ఎండకు పోలో, టెన్నిస్ మేలనిపించాయి. 1878లో క్లబ్బు మూసేశారు. బ్యాంకులో మిగిలిన డబ్బును 270 వెండి రూపాయలుగా తీసి, కరిగించి, కప్పు పోయించారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లండ్ 1879 నుంచి నేటికీ ఆ కప్పు కోసం ఆడుతున్నాయి. మన రూపాయలు కరిగించి చేసిన కప్పు అది, దాని కోసం ఆడింది మాత్రం మనవాళ్ళు కారు.

అసలు గొడవ ఉత్తర ఇంగ్లండ్‌లో మొదలైంది. యార్క్‌షైర్, లాంకషైర్ మిల్లుల్లో, గనుల్లో పనివాళ్ళకు శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు. సొంత ఊళ్ళో మ్యాచ్ అయితే పర్వాలేదు, పొద్దున షిఫ్టు చేసి మధ్యాహ్నం ఆడొచ్చు. పక్క జిల్లాలో మ్యాచ్ ఉంటే పొద్దున్నే రైలెక్కాలి, ఆ పూట కూలి పోతుంది. దెబ్బ తగిలితే వారాల కూలి పోతుంది. మ్యాచ్ చూడటానికి వేల మంది టికెట్ కొని వస్తున్నారు, ఆ డబ్బు క్లబ్బుకు పోతోంది, ఆడినవాడు మాత్రం కూలి పోగొట్టుకుని ఇంటికి పోతున్నాడు. పోయిన కూలి మాత్రం ఇప్పించండి, జీతాలు అడగడం లేదు అని 1893లో యార్క్‌షైర్‌వాళ్ళు యూనియన్ లండన్ సభలో తీర్మానం పెట్టారు. 282 ఓట్లు వ్యతిరేకం, 136 అనుకూలం. తీర్మానం ఓడిపోయింది.

ఆ ఓటు వేసినవాళ్ళలో లాయర్లు, డాక్టర్లు, వ్యాపారుల కొడుకులు ఎక్కువ. డబ్బు కోసం ఆడితే ఆట పాడైపోతుందన్నది వాళ్ళ వాదన. శనివారం పొద్దున పని మానేస్తే ఏమీ పోనివాడికి అలా అనడం సుళువు. రగ్బీని దొరల ఆటగా నిలబెట్టింది బడి కాదు, నిబంధన కాదు, ఈ ఒక్క కూలి లెక్క అన్నదే ఆట తెలిసినవాళ్ళలో చాలామంది అభిప్రాయం. నాదీ అదే.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై యూనియన్ నుంచి విడిపోయాయి. రోజుకు ఆరు షిల్లింగుల దాకా పోయిన కూలి ఇవ్వాలని నిర్ణయించుకున్నాయి. తర్వాత జీతాలు కూడా ఒప్పుకున్నారు. అయితే ఆటగాడికి సక్రమమైన ఉద్యోగం ఉండి తీరాలన్నారు, బిలియర్డ్స్ గదిలో పాయింట్లు లెక్కపెట్టే పని ఉద్యోగం కింద చెల్లదన్నారు! జనం టికెట్ కొని రావాలంటే ఆట చూడముచ్చటగా ఉండాలి. అందుకని లైనౌట్ (బంతి గీత దాటాక రెండు జట్లూ వరుసల్లో నిలబడి దాన్ని అందుకోవడం) తీసేశారు, 1906లో జట్టును పదమూడు మందికి తగ్గించారు, టాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం) అవగానే లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించే పద్ధతి పెట్టారు. అదే రగ్బీ లీగ్. విగన్, సెయింట్ హెలెన్స్, హల్, ఫెదర్‌స్టోన్ లాంటి ఊళ్ళు ఇప్పటికీ ఆ ఆటవే.

పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ వీళ్ళ మీద కక్ష కట్టింది. లీగ్ వైపు వెళ్ళినవాడికి జీవితాంతం నిషేధం. కొన్ని క్లబ్బుల్లో అతను మిత్రులను చూడటానికి వచ్చినా బార్‌లోకి రానిచ్చేవాళ్ళు కారు. ఇంగ్లండ్ కెప్టెన్ బిల్ బోమాంట్ రిటైరయ్యాక తన ఆత్మకథ రాసి డబ్బు తీసుకున్నందుకు అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడేవాడు) హోదా పోగొట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో సంగతి ఇంకా ఘోరం: 1941లో జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం పదమూడు మంది ఆటను ఏకంగా నిషేధించి ఆస్తులు లాక్కుంది. తమాషా ఏమిటంటే రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో యూనియన్‌వాళ్ళనూ లీగ్‌వాళ్ళనూ కలిసి ఆడనిచ్చారు. 1943లో, 1944లో యూనియన్ నిబంధనలతోనే ఆడి లీగ్ జట్టు రెండుసార్లూ గెలిచింది, 18-11తో, 15-10తో. యుద్ధం అయిపోయింది, నిషేధం మళ్ళీ మొదలైంది.

వేల్స్‌లో మాత్రం ఈ గేటు ఎప్పుడూ సగం తెరిచే ఉండేది. అక్కడి పెద్దలు గని కార్మికులను వదులుకుంటే జట్టే మిగలదని గ్రహించి, ఆటగాళ్ళ బూట్లలో గుట్టుగా నాణేలు పెట్టే అలవాటును చూసీ చూడనట్టు పోయారు. 1905 డిసెంబరులో కార్డిఫ్‌లో న్యూజిలాండ్‌ను 3-0తో ఓడించినప్పటి నుంచి రగ్బీ ఆ దేశపు ఆట అయిపోయింది. 1970ల వేల్స్ జట్టును తల్చుకోండి. జేపీఆర్ విలియమ్స్ డాక్టరు. పాంటీపూల్ నుంచి వచ్చిన ముందు వరుసలో చార్లీ ఫాక్‌నర్, బాబీ విండ్సర్ ఉక్కు కర్మాగారం మనుషులు. ఫిల్ బెన్నెట్ కూడా ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసినవాడే. 1972 అక్టోబరు 31న న్యూజిలాండ్‌ను 9-3తో మట్టి కరిపించిన లానెల్లి జట్టుకు కెప్టెన్ డెల్మ్ థామస్, విద్యుత్ బోర్డు ఉద్యోగి. ఆరేళ్ళ తర్వాత సరిగ్గా అదే తేదీన ఐర్లండ్‌లో మన్‌స్టర్ జట్టు లిమరిక్‌లోని థోమండ్ పార్కులో అదే న్యూజిలాండ్‌ను 12-0తో ఓడించింది. లిమరిక్‌లో రగ్బీ రేవు కూలీల ఇళ్ళల్లోనూ ఆడతారు, డబ్లిన్‌లో మాత్రం ఫీజుల బడుల ఆట. ఒకే దేశం, రెండు వందల కిలోమీటర్ల దూరం. స్కాట్లండ్ సరిహద్దు ఊళ్ళ కథా అంతే. మెల్రోజ్ క్లబ్బుకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు, ఒకే రోజు ఎక్కువ జట్లతో పోటీ పెట్టాలంటే జట్టు చిన్నదిగా ఉండాలని నెడ్ హెయిగ్ అనే మాంసం కొట్టు పనివాడు ఆలోచించాడు. ఏడుగురి రగ్బీ అలా 1883లో పుట్టింది. ఒలింపిక్స్‌లో ఇప్పుడు ఆడేది దాన్నే. 2016లో రియోలో బ్రిటన్‌ను 43-7తో చిత్తు చేసి ఫిజీ తన తొలి ఒలింపిక్ పతకం, అదీ బంగారు పతకం, గెలిచింది. ఆ ఆనందంలో ఆ దేశం ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చేసింది.

మిగతా దేశాలకు వెళ్తే బొమ్మ ఊరికొక తీరుగా మారుతుంది. అర్జెంటీనాలో బ్వేనస్ ఐరెస్ క్లబ్బులవాళ్ళది, కలిగినవాళ్ళది. సిడ్నీలో యూనియన్ పెద్ద బడులది, లీగ్ పనివాళ్ళ పేటలది. పపువా న్యూ గినీలో లీగ్ జాతీయ క్రీడ. మడగాస్కర్‌లో రగ్బీ రాజధాని పేదపేటల ఆట. దక్షిణాఫ్రికాలో అది వర్ణవివక్ష జెండా మోసిన ఆట. 1995 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. అదే దేశం ఈస్టర్న్ కేప్‌లో నల్లవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం నుంచీ రగ్బీ ఆడుతున్నారన్న సంగతి చాలామందికి తెలియదు. 2019 ఫైనల్లో ఇంగ్లండ్‌ను 32-12తో ఓడించినప్పుడు కెప్టెన్ సియా కొలిసి జ్విడే అనే నల్లవాళ్ళ పేటలో పుట్టి, పన్నెండేళ్ళకు స్కాలర్‌షిప్ మీద పెద్ద బడికి వెళ్ళినవాడు. ఆ ఫైనల్లో దక్షిణాఫ్రికా తొలి ట్రై (గీత దాటి బంతిని నేలకు ఆనించడం) చేసిన మకజోలె మపింపి అలాంటి ఏ బడికీ వెళ్ళలేదు, పల్లెటూరి బడిలో చదివాడు. ఇద్దరి దారులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకడికి గేటు తెరిచారు, ఇంకొకడు గోడ దూకాడు.

ఆట లోపలికి వస్తే, అందరి ఆట అనడానికి దీనికున్నంత హక్కు వేరే ఆటలకు తక్కువ. పొట్టివాడు స్క్రమ్ హాఫ్ ఆడొచ్చు, పొడుగువాడు లాక్, బక్కపలచని వేగం ఉన్నవాడు వింగ్, బొద్దుగా బలంగా ఉన్నవాడు ప్రాప్. వేరే ఆటల్లో బెంచీకి పంపించే ఒళ్ళు ఇక్కడ ముందు వరుసలో నిలబడుతుంది. సామగ్రి కూడా పెద్ద ఖర్చేమీ కాదు. బూట్లు (కింది మేకులు 21 మిల్లీమీటర్లు దాటకూడదు), పళ్ళకు రక్షణ కవచం, నిక్కరు, చొక్కా. భుజం మెత్తలు వేసుకుంటే మందం ఒక సెంటీమీటరు దాటకూడదు. ఇంతే.

ఖర్చంతా స్క్రమ్‌లో, అంటే బంతి కోసం రెండు జట్లూ తలలు వంచి తోసుకునే చోట ఉంది. ఎనిమిది మంది ఎదురుగా ఎనిమిది మంది, ముందు వరుసలో ముగ్గురేసి. రిఫరీ 'క్రౌచ్' అంటే వంగాలి, భుజాలు నడుము కన్నా కిందికి పోకూడదు. 'బైండ్' అంటే ఎడమ వైపు ప్రాప్ తన ఎడమ చేతిని ఎదుటివాడి కుడి చేతి లోపలి నుంచి పోనిచ్చి, వీపు మీదో పక్కటెముకల దగ్గరో చొక్కా గట్టిగా పట్టుకోవాలి. 'సెట్' అంటే తలలు ఎదురెదురు సందుల్లోకి పోతాయి. కొత్తవాళ్ళు చేసే తప్పు, వీపు అందకపోతే ఎదుటివాడి చేతిని పట్టుకోవడం. తోపు మొదలవగానే మోచెయ్యి కిందికి దిగుతుంది, దాని వెంట భుజం దిగుతుంది, ఛాతీ నేలకు పోతుంది, వెనక ఉన్నవాళ్ళ బరువు మెడ మీద పడుతుంది. ఇంకో తప్పు, పాదాలు మరీ వెనక్కి పెట్టడం. మోకాళ్ళు పూర్తిగా చాచుకుపోతే తొయ్యడానికి వంపే మిగలదు, కాళ్ళు జారతాయి. అందుకే శిక్షణ లేనివాడిని ముందు వరుసలో నిలబెట్టనివ్వరు. మార్పు ఆటగాళ్ళతో కలిపి జట్టులో 15 మంది ఉంటే ముందు వరుస తెలిసినవాళ్ళు ముగ్గురు, 16 నుంచి 18 ఉంటే నలుగురు, 19 నుంచి 22 ఉంటే ఐదుగురు, 23 మంది ఉంటే ఆరుగురు ఉండాలి. పంతొమ్మిదేళ్ళలోపువాళ్ళ మ్యాచ్‌లో స్క్రమ్‌ను ఒకటిన్నర మీటరు మించి తోయకూడదు. అంటే ఒక బడి రగ్బీ ఆడించాలంటే పెద్ద పచ్చిక మైదానం, మెడకు బాధ్యత వహించగల శిక్షకుడు, వారానికి రెండు సాయంత్రాలు కావాలి. మామూలు బడికి దొరకనివి ఇవే.

టాకిల్ కూడా నేర్పకుండా వచ్చేది కాదు. బంతి మోసేవాడి తొడల మీద చూపు పెట్టాలి. అతనికి దగ్గరగా ముందడుగు వెయ్యాలి. తల అతని ఒంటికి పక్కన, వెనక వైపుగా ఉండాలి, ముందు వైపు పోకూడదు. ముందు భుజం తగలాలి, తర్వాత చేతులు చుట్టాలి, కాళ్ళు ఆగకుండా తొక్కుతూ పోవాలి. తల ముందు వైపు పెట్టినవాడికి మోకాలో తుంటి ఎముకో కణతకు తగులుతుంది. నిటారుగా నిలబడి చేసేవాళ్ళకు తలలు ఢీకొంటాయి. ఈ కారణంతోనే ఫ్రాన్స్ 2019లో, ఇంగ్లండ్ 2023లో కింది స్థాయి మ్యాచుల్లో టాకిల్ ఎత్తును దించాయి. ఆ స్థాయిలో తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా ఆ ఆటగాడు ఆ రోజుకు ఆట మానేయాలి. పాత రోజుల్లో తడి స్పాంజితో మొహం తుడిచి మళ్ళీ లోపలికి పంపేవాళ్ళు. ఆ ఒక్క ముచ్చట మాత్రం తిరిగి రాకూడదు.

1980ల నడుమ బ్రిటన్‌లో టీచర్ల సమ్మె జరిగి, బడి అయ్యాక, శనివారాల్లో ఆడించడం చాలా ప్రభుత్వ బడుల్లో ఆగిపోయింది. మళ్ళీ పూర్తిగా మొదలవలేదు. అదే రోజుల్లో గనులు మూతపడ్డాయి. వేల్స్ లోయల్లో నాలుగైదు జట్లు దించే క్లబ్బులు ఒక జట్టుకు ఆపసోపాలు పడ్డాయి. ఫీజుల బడులు మాత్రం ఆపలేదు, వాళ్ళ మైదానాలు అమ్ముడుపోలేదు. 1995 ఆగస్టులో, హడర్స్‌ఫీల్డ్ సమావేశం జరిగి సరిగ్గా నూరేళ్ళకు, యూనియన్ కూడా జీతాలకు తలుపు తీసింది. మరుసటి ఏడే లీగ్ క్లబ్బు విగన్, యూనియన్ క్లబ్బు బాత్ రెండు ఆటలూ ఆడుకున్నాయి. లీగ్ నిబంధనలతో విగన్ 82-6, యూనియన్ నిబంధనలతో బాత్ 44-19. నూరేళ్ళ పగకు ముగింపు ఇంత పేలవంగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

ఇప్పటి ఇంగ్లండ్ లెక్క ఇలా ఉంది. ఫీజులు కట్టి చదివే పిల్లలు సుమారు 7 శాతం. అంతర్జాతీయ రగ్బీ ఆడే మగవాళ్ళలో వాళ్ళ వాటా 2019లో మూడో వంతు దాటింది. ఈ అంకెను చూసి వెంటనే దొరల ఆటే అనేయొచ్చు, కానీ అందులో ఒక మెలిక ఉంది. పదహారేళ్ళకు ప్రతిభ కనబడిన పిల్లాడికి పెద్ద బడి స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుపోతుంది. ఇంగ్లండ్ ఆటగాడు మారో ఇటోజే ప్రభుత్వ బడిలో చదివి, చివరి రెండేళ్ళు స్కాలర్‌షిప్ మీద హారో బడికి వెళ్ళాడు. గని కార్మికుడి కొడుకు, వేల్స్ ఆటగాడు గారెత్ ఎడ్వర్డ్స్ 1960ల్లో మిల్‌ఫీల్డ్ బడికి వెళ్ళిందీ అలాగే. ఈ అంకెలో చదువు ఎక్కడ ముగిసిందో ఉంటుంది, ఎక్కడ మొదలైందో ఉండదు. బ్రిస్టల్‌లో నోల్ వెస్ట్ అనే సర్కారు ఇళ్ళ కాలనీలో పెరిగి ఇంగ్లండ్ కెప్టెన్సీ చేసిన ఎల్లిస్ గెంజ్ లాంటివాళ్ళు ఉన్నారు, కానీ చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రతిభ వెతికే స్కౌటు శనివారం మ్యాచ్‌కు రాని ఊళ్ళ పిల్లల సంగతి ఏ లెక్కలోనూ లేదు.

ఆడవాళ్ళ రగ్బీ వేరే దారిన వచ్చింది. చాలామంది పద్దెనిమిది దాటాక యూనివర్సిటీలో మొదటిసారి బంతి పట్టుకున్నవాళ్ళే, బడి గేటుతో వాళ్ళకు పని పడలేదు. తొలి ప్రపంచ కప్పు 1991లో వేల్స్‌లో జరిగింది, అమెరికా గెలిచింది. 2025 కప్పుకు తయారవడానికి కెనడా జట్టు పది లక్షల డాలర్ల లక్ష్యం పెట్టుకుని జనం దగ్గర చందాలు పోగుచేసింది. ట్వికెన్‌హామ్‌లో 81,885 మంది ముందు ఫైనల్ ఆడి, 33-13తో ఇంగ్లండ్ చేతిలో ఓడిపోయింది. ఇంగ్లండ్ అమ్మాయిలకు 2019 నుంచే నెల జీతాలున్నాయి.